సభ్యత్వం నుండి యాజమాన్యానికి: సికింద్రాబాదు చిల్లర కిరాణా వర్తకుల సహకార చరిత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

చిన్న కిరాణా దుకాణం నిలుస్తుందా, మూతపడుతుందా అనే చర్చ తెలుగు నగరాలలో 2006 నుండి ఎడతెగక సాగుతోంది. పెద్ద సంస్థలను అడ్డుకోవాలా, ఆహ్వానించాలా అన్న ప్రశ్న చుట్టూనే ఈ చర్చ ఎక్కువగా తిరిగింది. చిన్న వర్తకులు ఒకరితో ఒకరు ఏ పనికోసం కలిశారు, ఏ పనికోసం కలవలేదు అన్న చారిత్రక ప్రశ్న వెనకబడిపోయింది. సికింద్రాబాదు బజార్లను ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు వర్తకులకు సంఘం కొత్త కాదు. మధ్యయుగపు సమయాల నుండి నేటి వర్తక సంఘాల వరకు వారు కూడిన సందర్భాలు అనేకం. ఆ కూడికలు ధర్మకార్యాలకు, తగవుల పరిష్కారానికి, పన్నులపై నిరసనకు ఉపయోగపడ్డాయి. సరుకును ఉమ్మడిగా కొనడానికి మాత్రం అరుదుగా ఉపయోగపడ్డాయి. ఉమ్మడి కొనుగోలు అవసరం లేకుండా చాలాకాలం బజారే ఆ పనిని చేసిపెట్టింది. బజారు ఆ శక్తిని కోల్పోయిన తరువాత ఆ స్థానాన్ని వర్తకుల సంస్థ ఏదీ భర్తీ చేయలేదు. ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం ఇదే.

2. పదాలలో నిలిచిన వర్తక వ్యవస్థ

నిత్యావసర సరుకులమ్మే చోటుకు తెలుగులో ప్రాంతాన్నిబట్టి పేర్లు మారుతాయి. తెలంగాణలో కిరాణా దుకాణం, కోస్తాలో పచారీ కొట్టు, చిల్లర కొట్టు, అన్నిచోట్లా కొంతకాలం కోమటి కొట్టు. ‘కిరాణా’ను సంస్కృత ‘క్రయాణక’ శబ్దంతో ముడిపెడతారు. బజారు, దుకాణం, నిరఖు పారసీ, అరబ్బీల మీదుగా వచ్చినవి. ‘సెట్టి’కి మూలం ‘శ్రేష్ఠి’, ‘బేహారి’కి మూలం ‘వ్యవహారి’. ఒకే దుకాణంలో ఇన్ని భాషల మాటలు కలిసి ఉండడం ఈ వ్యాపారం ఏ ఒక్క వర్గానికీ పూర్తిగా సొంతం కాలేదని సూచిస్తుంది.

వర్తకుల కూడికకు సంబంధించిన పదాలు ఇంకా పాతవి. శాసనాలలో కనిపించే ‘నకరం’, ‘పెక్కండ్రు’, ‘ఉభయ నానాదేశి’, ‘సమయం’ వర్తక శ్రేణులను తెలిపే మాటలు. ఓరుగల్లు ఖాన్‌సాహెబ్ తోట శాసనం కాకతీయుల కాలపు అంగడిలోని సరుకుల జాబితాను, వాటిపై రుసుములను పేర్కొంటుంది. ఉప్పు, బెల్లం, ఆవాలు, మిరియాలు, పసుపు, ఉల్లి, అల్లం ఆ జాబితాలో ఉన్నాయి. నేటి కిరాణా చీటీకి, ఆ జాబితాకు ఉన్న పోలిక విస్మయం కలిగిస్తుంది. వర్తకులు తమ సరుకుపై తామే నిర్ణయించుకొని దేవాలయాలకు అర్పించిన రుసుముకు ‘మగమ’ అనే పేరు ఉండేది. ప్రతి బస్తాపై కొంత తీసి ఉమ్మడి నిధికి చేర్చే క్రమశిక్షణ వారికి తెలుసు. ఆ నిధి ఉద్దేశం దానధర్మం. దానిని ఉమ్మడి పెట్టుబడిగా మార్చాలన్న ఆలోచన ఆనాటి వ్యవస్థకు అవసరపడలేదు.

ఇదే సంప్రదాయం తమిళనాట వేరొక దారి పట్టింది. శివకాశి, విరుదునగర్ ప్రాంతాల నాడార్ వర్తకులు ‘మహిమై’ అనే ఉమ్మడి నిధితో బండిపేటలు, బడులు కట్టారు. ఆ సమాజం చొరవతో 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకు వెలసింది. అదే తరువాత తమిళనాడు మర్కంటైల్ బ్యాంకు అయింది. ధర్మనిధికి, వ్యాపార నిధికి మధ్య గోడ దాటరానిది కాదని ఈ ఉదాహరణ చూపుతుంది.

3. దండు బజారు నుండి నగర బజారుకు

1798 నాటి సైన్యసహకార సంధి తరువాత హుస్సేన్‌సాగరానికి ఉత్తరాన బ్రిటిషు దండు విడిసింది. 1806లో మూడవ నిజాం సికందర్‌జా పేరిట ఆ స్థలం సికింద్రాబాదు అయింది. దండు ఉన్నచోట బజారు తప్పనిసరి. పటాలాలకు అనుబంధంగా ఏర్పడే బజార్లలో చౌదరి పెత్తనం, అధికారుల పర్యవేక్షణ, ధరల నిరఖు ప్రకటన బ్రిటిషు కంటోన్మెంట్లలో పరిపాటి. రెజిమెంటల్ బజారు అనే పేరు ఆ చరిత్రకు నేటికీ సాక్షి. జనరల్ బజారు, మోండా మార్కెట్, రాణిగంజ్, పొగాకు బజారు క్రమంగా పెరిగాయి. 1874లో రైలు రావడంతో దండు అవసరాలకోసం పుట్టిన బజారు పరిసర జిల్లాలకు టోకు కేంద్రంగా ఎదిగే వీలు కలిగింది. 1960లో సికింద్రాబాదు నగరపాలక సంస్థ హైదరాబాదుతో విలీనమైనా, కొనుగోలుదారుల మాటల్లో ఈ బజార్లు ప్రత్యేకంగానే మిగిలాయి.

ఈ పుట్టుక వర్తకుల కూర్పును నిర్ణయించింది. మద్రాసు సైన్యంతోపాటు తెలుగు, తమిళ వర్తకులు, గుత్తేదారులు వచ్చారు. మార్వాడీ, గుజరాతీ, పారసీ వ్యాపారులు చేరారు. హైదరాబాదు పాతనగరంలోని ముస్లిం వర్తకులతో లావాదేవీలు సాగాయి. ఒక్కొక్క వర్గానికి తనదైన సత్రం, గుడి, సంఘం ఏర్పడ్డాయి. కులసంఘం వర్తకుడికి నమ్మకాన్ని, అప్పును, పెళ్లిసంబంధాన్ని సమకూర్చింది. అయితే పక్క దుకాణం వేరే కులం వాడిదైనప్పుడు ఆ సంఘం ఇద్దరినీ కలపలేదు. బజారు బహుకులాలది, సంఘం ఒక కులానిది. ఉమ్మడి కొనుగోలుకు ఏర్పడిన తొలి అడ్డంకి ఇది.

దీనికి మినహాయింపులు ఉత్సవాలలో కనిపిస్తాయి. 1815లో వెలసిన ఉజ్జయినీ మహంకాళి ఆలయపు బోనాలకు, గణేశ నవరాత్రులకు బజారంతా కులభేదం లేకుండా చందా వేసుకుంటుంది. ఎవరెంత ఇచ్చారో జాబితా కడతారు, లెక్క చెబుతారు. మగమకు ఇది దూరపు వారసత్వం. బజారుకు ఉమ్మడి లెక్క చేతకాదన్న వాదన దీనితో నిలవదు.

4. బజారు: రాతలేని సహకారం

టోకు బజారు చిల్లర దుకాణానికి మూడు సేవలు చేసింది. మొదటిది అరువు. టోకు వర్తకుడు సరుకును వాయిదా మీద ఇచ్చేవాడు. చిల్లర వర్తకుడు అదే అరువును బస్తీలోని కూలివానికి, గుమాస్తాకు ఉద్దెరగా పంచేవాడు. దుకాణాల్లో ‘అరువు రేపు’ అన్న పలక వేలాడుతున్నా, దాని కిందే ఖాతా పుస్తకం తెరిచి ఉండేది. నెల జీతానికి, రోజువారీ వెచ్చాలకు మధ్యనున్న ఎడాన్ని పూడ్చింది ఆ పుస్తకమే. రెండవది గిడ్డంగి. చిన్న దుకాణం నెలసరి నిల్వ పెట్టుకోనక్కరలేకుండా టోకు కొట్టు దానికి గోదాముగా ఉపయోగపడేది. మూడవది సమాచారం. ఏ మిల్లు పప్పు బాగుంది, ఏ పంట దెబ్బతింది, ధర ఎటు పోతుందన్న కబురు బజారులోనే దొరికేది.

చీటీపాట వీటికి తోడయింది. పదిమందో ఇరవైమందో నెలకింత వేసుకొని, పాటలో గెలిచినవారికి మొత్తం ఇచ్చే ఈ పద్ధతి చిల్లర వర్తకుడికి బ్యాంకు చేయని మేలు చేసింది. పండుగ సరుకు, దుకాణం మరమ్మతు, కూతురి పెళ్లి చీటీ మీదనే నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1971లోనూ, దేశమంతటికీ 1982లోనూ చిట్ చట్టాలు వచ్చాయంటే ఈ వ్యవహారం ఎంత విస్తరించిందో ఊహించవచ్చు.

ఈ వ్యవస్థను పొగిడి వదిలేయడం చరిత్ర కాదు. టోకు అరువులో వడ్డీ ధరలోనే కలిసి ఉండేది. బాకీ ఉన్న చిల్లర వర్తకుడు వేరే కొట్టుకు పోలేకపోయేవాడు. ఉద్దెర తీసుకునే పేద కుటుంబానికీ అదే స్థితి. బజారు ఇచ్చిన సహకారం పై నుండి కిందికి జారినదే తప్ప సమానుల మధ్య కుదిరినది కాదు. చిల్లర వర్తకుడు అందులో లబ్ధిదారుడు, యజమాని కాదు.

5. సహకారోద్యమంలో కిరాణా వర్తకుని స్థానం

బ్రిటిషు ఇండియాలో 1904, 1912 చట్టాలతోనూ, హైదరాబాదు సంస్థానంలో 1914లో వచ్చిన చట్టంతోనూ సహకార సంఘాలకు పునాది పడింది. ఆ ఉద్యమం ప్రధానంగా రైతు పరపతి గురించి ఆలోచించింది. పట్టణాలలో అది వినియోగదారుని పక్షాన నిలిచింది. 1904లోనే మద్రాసులో మొదలైన ట్రిప్లికేన్ పట్టణ సహకార సంఘం వినియోగదారుల సంఘాలకు దారి చూపింది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో నేతపనివారు తదితరులు స్థాపించుకున్న దుకాణం వీటన్నిటికీ ఆదర్శం. ఆ ఆదర్శంలో చిల్లర వర్తకుడు కల్తీ, దొంగతూకం, అధిక ధరలకు ప్రతీక.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ విధానమూ ఇదే దృష్టితో సాగింది. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం వర్తకుని నిల్వను అనుమానంతో చూసింది. 1962 యుద్ధకాలంలో ధరల అదుపుకోసం వినియోగదారుల సహకార దుకాణాలకు కేంద్ర పథకం వచ్చింది. 1966లో రూపాయి విలువ తగ్గించిన తరువాత నగరాలలో సూపర్ బజార్లు తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం, 1999 జనవరి 26న రైతు బజార్లు వచ్చాయి. ఈ పథకాలు పేదలకు, రైతులకు చేసిన మేలును కాదనలేం. ఇక్కడ గమనించవలసింది వేరు. రైతులు, నేతవారు, వినియోగదారులు, పొదుపు సంఘాల మహిళలు సహకార వ్యవస్థలో చోటు సంపాదించారు. వారి సహకారం తొలగించదలచిన ‘మధ్యవర్తి’గా మాత్రమే చిల్లర వర్తకుడు దానిలో కనిపించాడు. కష్టజీవిగా, సహకార సంఘ సభ్యుడు కాదగినవాడిగా అతన్ని ఊహించిన విధానం మనకు కనిపించదు. కులసంఘం అతన్ని కులస్థుడిగా చూసింది. ప్రభుత్వం అనుమానితుడిగా చూసింది.

వర్తక సంఘాలు సైతం ఈ చూపుకు తగినట్టే రూపొందాయి. అమ్మకపు పన్ను, లైసెన్సులు, తూనికల తనిఖీలు, దుకాణాల సెలవు దినాలు వాటి అజెండా అయ్యాయి. 2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడూ అవి ప్రధానంగా వినతిపత్రాల సంఘాలుగానే పనిచేశాయి. రక్షణకోసం కలిసే అలవాటు బలపడింది. కొనుగోలుకోసం కలిసే అలవాటు ఏర్పడలేదు.

6. సూపర్‌మార్కెట్టు: బజారును మింగిన దుకాణం

తెలుగునాట సూపర్‌మార్కెట్టు విదేశీ పెట్టుబడితో మొదలుకాలేదు. 1986లో మొదలైన త్రినేత్ర, 1987లో హైదరాబాదులో మొదలైన రత్నదీప్ ఇక్కడి వర్తకుల చొరవలే. 2001లో హైదరాబాదులో ఆర్‌పీజీ సంస్థ హైపర్‌మార్కెట్టు తెరిచింది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలకు హైదరాబాదునే ఎంచుకుంది. 2007 నాటికి త్రినేత్ర ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లింది.

ఈ దుకాణాల బలం వెలుతురు, చల్లదనం, తోపుడు బుట్టలలో లేదు. టోకు కొట్టు, గోదాము, సమాచారం అనే బజారు పనులను ఒకే సంస్థ తన గోడల మధ్యకు తెచ్చుకుంది. ఒక్కటి మాత్రం వదిలేసింది, ఉద్దెర. లాభంలేని పనిని చిన్న దుకాణానికి విడిచిపెట్టి, లాభసాటి పనులను తీసుకుంది. నగదున్నప్పుడు సూపర్‌మార్కెట్టుకు, లేనప్పుడు వీధి దుకాణానికి వెళ్లే ఖాతాదారుని అలవాటు ఈ పంపకం నుండి పుట్టినదే.

దీని ప్రభావాన్ని కొలిచిన ప్రయత్నాలలో 2008లో భారత అంతర్జాతీయ ఆర్థిక సంబంధాల పరిశోధన మండలి వెలువరించిన నివేదిక ముఖ్యమైనది. పెద్ద దుకాణాలకు దగ్గరగా ఉన్న 2020 మంది చిన్న వర్తకులను అది సర్వే చేసింది. అమ్మకాలు, లాభాలు మొదట పడిపోయినా కాలక్రమంలో దెబ్బ తీవ్రత తగ్గుతుందని పేర్కొంది. ఏటా మూతపడే చిన్న దుకాణాలు 4.2 శాతమనీ, పెద్ద దుకాణాల పోటీవల్ల మూతపడేవి 1.7 శాతమనీ లెక్కించింది. చిన్న వర్తకులు సంఘాలుగా ఏర్పడి నేరుగా సరుకు కొనేలా ప్రోత్సహించాలని కూడా సూచించింది. తరువాతి చర్చలో ఇరుపక్షాలూ ఆ శాతాలతో వాదులాడుకున్నాయి. ఆ సూచన మాత్రం మరుగునపడింది. 2012 సెప్టెంబరులో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, అదే నెల 20న దేశవ్యాప్త బంద్ జరిగింది. వర్తకులు బంద్‌లో కలిశారు. మర్నాడు ఎవరి కొనుగోలుకు వారు వేరువేరుగా వెళ్లారు.

ఈ ఖాళీని నింపినవి నగదు టోకు సంస్థలు. జర్మనీకి చెందిన మెట్రో 2003లో బెంగళూరులో మొదలై హైదరాబాదుకు విస్తరించింది. వాల్‌మార్ట్ ‘బెస్ట్ ప్రైస్’ పేరిట హైదరాబాదు, విజయవాడ, గుంటూరులలో తెరుచుకుంది. కిరాణా వర్తకుడికి ఇవి సభ్యత్వపు కార్డు ఇచ్చాయి. సహకార పరిభాషలోని ‘సభ్యుడు’ అనే మాట ఇక్కడ అర్థం మారింది. ఈ సభ్యుడికి వాటా లేదు, ఓటు లేదు, లాభంలో పాలు లేదు. 2022 డిసెంబరులో మెట్రో భారత వ్యాపారాన్ని 2,850 కోట్ల రూపాయలకు రిలయన్స్ కొనడానికి ఒప్పందం కుదిరి, 2023లో అది పూర్తయింది. వీధి చివర పోటీగా దుకాణం నడుపుతున్న సంస్థే తన టోకు సరఫరాదారు కావడాన్ని ఆ సభ్యుడు చూస్తూ ఉండవలసివచ్చింది. అతడు కాదని చెప్పగల వేదిక ఏదీ లేదు. చిన్న వర్తకుని సమస్య సరుకు దొరకకపోవడం కాదని, సరుకు వచ్చే దారి మీద హక్కు లేకపోవడమని ఈ ఘటన స్పష్టం చేసింది. నిమిషాలలో ఇంటికి సరుకు చేర్చే సంస్థలపై 2024లో పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించడం ఇదే కథకు కొనసాగింపు.

7. రెండు పరాయి నమూనాలు

ఇదే పరిస్థితిని ఐరోపా చిన్న వర్తకులు ముందుగా ఎదుర్కొన్నారు. 1898లో బెర్లిన్‌లో చిన్న కిరాణా వర్తకులు కొనుగోలు సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరులోని పొడి అక్షరాల నుండి ‘ఎడెకా’ పుట్టింది. నేడది జర్మనీలో అతిపెద్ద ఆహార చిల్లర వ్యవస్థ. 1917లో స్వీడన్‌లో ఇలాగే మొదలైన ఉమ్మడి టోకు సంస్థ తరువాత ‘ఐసీఏ’కు మూలమైంది. ఈ నమూనాలో దుకాణం వర్తకునిది, టోకు సంస్థ వర్తకులందరిది.

రెండవ నమూనా 1932లో నెదర్లాండ్స్‌లో ఏర్పడింది. ఆడ్రియాన్ వాన్ వెల్ అనే టోకు వర్తకుడు చిల్లర వర్తకులతో ఒడంబడిక కుదుర్చుకున్నాడు. ఐకమత్యంతో కలిసి పనిచేస్తే అందరూ నిలకడగా లాభపడతారన్న అర్థమిచ్చే డచ్చి వాక్యపు తొలి అక్షరాలే దాని పేరు ‘డెస్పార్’. తరువాత అది ‘స్పార్’ అయింది. ఆ పేరు హైదరాబాదుకు కూడా వచ్చింది, అయితే ఒక పెద్ద సంస్థ నడిపే హైపర్‌మార్కెట్టుగా. చిన్న వర్తకుల ఐకమత్యానికి పెట్టిన పేరు ఇక్కడి చిన్న వర్తకునికి పోటీదారుగా పరిచయమైంది.

సికింద్రాబాదుకు రెండవ నమూనా ఎక్కువ సన్నిహితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇక్కడ టోకు, చిల్లర వర్తకులు తరతరాలుగా ఒకే బజారులో ఖాతాలు నడిపారు. సంస్థల పంపిణీదారులు, నగదు టోకు సంస్థలు రావడంతో టోకు వర్తకుడూ చిల్లర వర్తకుడితోపాటే దెబ్బతిన్నాడు. పాత సంబంధం ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. దానిని రాతలోకి, సమాన హక్కుల్లోకి తేవడమే కొత్తగా చేయవలసిన పని.

8. సాధ్యాసాధ్యాలు

ఉమ్మడి కొనుగోలు అన్ని సరుకులకూ సమానంగా పనికిరాదు. సబ్బు, పేస్టు, బిస్కట్ల వంటి బ్రాండు సరుకుపై గరిష్ఠ చిల్లర ధరను తయారీ సంస్థే ముద్రిస్తుంది. అక్కడ కొద్దిపాటి తగ్గింపుకు మించి ఆశించలేం. పప్పులు, బియ్యం, మిరప, పసుపు, చింతపండు వంటి విడి సరుకులో అవకాశం ఎక్కువ. ఉదాహరణకు ఒక్కో దుకాణం నెలకు 50 కిలోల కందిపప్పు బస్తాలు 5 అమ్ముతుందనుకుందాం. నలభై దుకాణాలు కలిస్తే 200 బస్తాలు, అంటే 10 టన్నులు. ఒక లారీ నిండుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది నేరుగా అక్కడి మిల్లు నుండే వస్తుంది. శుభ్రపరచడం, పొట్లాలు కట్టడం ఉమ్మడిగా చేస్తే ఆహార భద్రతా చట్టపు నిబంధనలు పాటించడం కూడా సులువవుతుంది.

చట్టం దీనికి అడ్డు కాదు. 1964 సహకార చట్టం కింద సంఘాలపై ప్రభుత్వ అధికారం ఎక్కువ. అందుకు ప్రత్యామ్నాయంగా సహకార అభివృద్ధి కార్యకర్తల కృషితో 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల పెట్టుబడితో, సభ్యుల పాలనలో నడిచే సంఘాలకు అది మార్గం వేసింది. ములుకనూరు మహిళల పాడి సహకార సంఘం తెలంగాణలో అలాంటి స్వయంపాలనకు పేరెన్నికగన్నది. పల్లె మహిళలు పాలతో సాధించినదాన్ని పట్టణ వర్తకులు పప్పుతో ఎందుకు ప్రయత్నించరాదు? 2002 నాటి కాంపిటీషన్ చట్టం అమ్మకపు ధరను కూడబలుక్కోవడాన్ని నిషేధిస్తుంది. సరఫరా సామర్థ్యాన్ని పెంచే ఉమ్మడి సంస్థలకు మినహాయింపు ఇస్తుంది. కాబట్టి సంఘం కలిసి కొనవచ్చు, అమ్మే ధరను మాత్రం ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేయూత పథకం కింద మహిళలతో కిరాణా దుకాణాలు పెట్టించడానికి ప్రభుత్వం హిందుస్థాన్ యూనిలీవర్, ఐటీసీ, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. చిన్న దుకాణానికి సమష్టి మద్దతు కావాలన్న గుర్తింపు ఇందులో ఉంది. అయితే సరుకు దారి పెద్ద సంస్థల చేతిలోనే మిగిలింది.

అసలు అడ్డంకులు బజారు లోపలే ఉన్నాయి. పక్క దుకాణదారుడు పోటీదారుడన్న భావన మొదటిది. తన కొనుగోలు లెక్క బయటపెట్టడానికి వర్తకుడు జంకడం రెండవది. మూడవది సహకారమన్న మాటపైనే అపనమ్మకం. 2001 తరువాత కొద్ది సంవత్సరాలలో జంటనగరాలలో పలు పట్టణ సహకార బ్యాంకులు కూలినప్పుడు చిన్న వర్తకుల డిపాజిట్లు కూడా చిక్కుకున్నాయి. ఆ జ్ఞాపకం ఇంకా మాయలేదు. అందుకే పెద్ద భవనంతో, పెద్ద వాటాధనంతో మొదలయ్యే సంఘం కంటే, ఒకే వీధిలోని కొద్ది దుకాణాలు, ఒకే సరుకు, ఒకే లారీతో మొదలయ్యే సంఘానికి నిలిచే అవకాశం ఎక్కువ. చీటీపాటలో నెలనెలా అందరి ముందు లెక్క తేలినట్టే ఇక్కడా తేలాలి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, తెలుగు వర్తక సంప్రదాయంలో ఉమ్మడి నిధి, ఉమ్మడి లెక్క, పరస్పర విశ్వాసం పుష్కలంగా ఉన్నాయి. మగమ నుండి చీటీపాట వరకు వీటికి సాక్ష్యాలున్నాయి. రెండు, సికింద్రాబాదు వంటి దండు బజారులో సంఘం కులానికి, వ్యాపారం బజారుకు చెందడంవల్ల ఆ రెండూ కలవలేదు. సహకారోద్యమమూ చిల్లర వర్తకుని తనవాడిగా భావించలేదు. మూడు, బజారు చేసిన పనులను పెద్ద సంస్థలు తీసుకున్న తరువాత చిల్లర వర్తకుడు యాజమాన్యం లేని సభ్యుడిగా మిగిలాడు.

చిన్న దుకాణం మూతపడితే నష్టపోయేది దాని యజమాని ఒక్కడే కాదు. జీతం రాని వారంలో కిలో బియ్యం, పావుకిలో పప్పు, పది రూపాయల నూనె ఉద్దెరగా తెచ్చుకునే కుటుంబానికి వేరే ఖాతా పుస్తకం తెరిచేవారు లేరు. ఆ పుస్తకాన్ని నిలబెట్టాలంటే సానుభూతి చాలదు, లారీ నిండా సరుకు కొనే శక్తి కావాలి. ఆ శక్తి ఏ ఒక్క దుకాణానికీ లేదు. నలభై దుకాణాలకు కలిపి ఉంది.